బోరులో వేడి నీళ్లొస్తే కరెంటు పుడుతుందా?

ఏటూరునాగారం వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: “మా చేన్ల 900 అడుగుల బోరు వేయించినం. నీళ్లు గోరువెచ్చగ వస్తున్నయి. మణుగూరు దగ్గర సింగరేణోళ్లు వేడి నీళ్లతోని కరెంటు తీసిండ్రట. మా నీళ్లతోని గూడ తీయొచ్చా? ఒకాయన వచ్చి ఇగ ముందట సోలార్ గాదు, అంతా జియోథర్మలే (భూమి లోపలి వేడితోని తీసే కరెంటే) అని చెప్పి భూమి ముప్పై ఏండ్లకు లీజుకు అడుగుతున్నడు. ఇయ్యాల్నా?”

తమ్ముడూ, తొందరగా తేల్చాల్సింది ముందు చెప్తాను. ఆ లీజు కాగితం మీద సంతకం పెట్టకు. మీ బోరు నీళ్లతో కరెంటు రాదు. ఎందుకు రాదో తెలిస్తే మణుగూరులో ఎట్లా వచ్చిందో, రేపు ఎక్కడ రావొచ్చో కూడా తెలుస్తుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. నేను బొగ్గు అన్వేషణ డ్రిల్లింగులో పనిచేసి రిటైరై హన్మకొండలో ఉంటున్నాను. టర్బైన్ల కంటే గోదావరి లోయ రాళ్లతో నాకు పరిచయం ఎక్కువ. కాబట్టి నా జవాబు భూమి వైపు నుంచే మొదలవుతుంది.

మన దగ్గర పది పదిహేను మీటర్ల లోతుకు పోతే ఎండాకాలం, చలికాలం అనే తేడా ఉండదు. ఏడాది పొడుగునా 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. భూమ్మీద చాలాచోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుందని లెక్క. మీ 900 అడుగులంటే 275 మీటర్లు. అంటే పెరిగేది ఏడెనిమిది డిగ్రీలు. నీళ్లు 35 డిగ్రీలతో బయటికొస్తాయి. మాఘమాసం తెల్లవారుజామున ఆ నీళ్ల కింద చెయ్యి పెడితే పొగలు కక్కుతున్నట్టే ఉంటుంది, మే నెల మధ్యాహ్నం అవే నీళ్లు చల్లగా తగులుతాయి. నీళ్లు మారలేదు, గాలి మారింది. ఈ మధ్య వెయ్యి అడుగుల బోర్లు మామూలైపోయాయి కాబట్టి “మా ఊళ్లో వేడి నీళ్ల బోరు పడింది” అనే మాట కూడా ఎక్కువగా వినబడుతోంది. అందులో చాలా వరకు ఇదే సంగతి.

సరిగ్గా తెలుసుకోవాలంటే మోటారు గంటసేపు ఆపకుండా నడిపి, ఆ తర్వాత బకెట్టు నీళ్లలో థర్మామీటర్ ముంచి చూడు. మొదట వచ్చే నీళ్లు ఎండలో కాగిన పైపులోవి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. 45 డిగ్రీలు దాటితే అప్పుడు అది మామూలు లోతు వేడి కాదు, ఇంకా కింది నుంచి ఫాల్టు (రాతి పొరలు విరిగి జారిన పగులు) వెంట నీళ్లు ఎగదన్నుతున్నాయని అర్థం.

మణుగూరు మండలం పగిడేరులో జరిగింది అదే. అక్కడ బోరులోంచి వేడి నీళ్లు మోటారు లేకుండానే వాటంతట అవే పైకి చిమ్ముతాయి. గోదావరి లోయ అంటే పైకి కనబడే నది ఒక్కటే కాదు. ఆదిలాబాద్ వైపు నుంచి భద్రాచలం దాటి పోయే పెద్ద పగులు లాంటిది అది. రెండు పక్కలా పాత గట్టి రాయి, మధ్యలో కిందికి కుంగిన పట్టీ. ఆ కుంగిన చోట కోట్ల ఏండ్లు ఇసుక, బురద, అడవులు పేరుకుని ఇసుకరాయి, బొగ్గు పొరలు అయ్యాయి. తెలంగాణలోని సింగరేణి గనులన్నీ ఆ పట్టీలోనే ఉన్నాయి. వాన నీరు ఇసుకరాయిలోకి ఇంకి, ఫాల్టుల వెంట చాలా లోతుకు దిగి, కాగి, ఇంకో ఫాల్టు దొరికిన చోట ఒత్తిడితో పైకొస్తుంది. మధ్యలో నిప్పు లేదు, లావా లేదు. లోతే వేడి చేస్తోంది.

కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ నిధులతో, ఢిల్లీలోని శ్రీరామ్ ఇన్‌స్టిట్యూట్ సాయంతో సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. ఇరవై కిలోవాట్లు అంటే ఎంత? ఐదు హార్స్‌పవర్ వ్యవసాయ మోటార్లు నాలుగైదు నడుస్తాయి. అదే మణుగూరు ప్రాంతంలో ఉన్న భద్రాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,080 మెగావాట్లు, అంటే 54 వేల రెట్లు. వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో మొదటి లెక్క ఉండదు, రెండోదీ ఉండదు. “తెలంగాణలో భూమి లోంచి కరెంటు” అనే హెడ్డింగ్ మాత్రం ఉంటుంది.

ఇరవైయే ఎందుకొచ్చింది, రెండు వందలు ఎందుకు రాలేదు అనేదే అసలు ప్రశ్న. ఇక్కడ ఒక్కటి అర్థమైతే చాలు. చెరువు నిండా నీళ్లున్నా తూము అవతల కూడా అదే ఎత్తులో నీళ్లుంటే ప్రవాహం ఉండదు. పని చేసేది నీళ్లు కావు, ఎత్తు తేడా. వేడి కూడా అంతే. వేడి వైపు ఎంత వేడిగా ఉందో, చల్లటి వైపు ఎంత చల్లగా ఉందో, ఆ తేడా మీదే కరెంటు ఆధారపడుతుంది.

65 డిగ్రీల నీళ్లు ఉన్నాయనుకుందాం. ఆ నీళ్లతో ఆవిరి పుట్టదు కాబట్టి తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని మూసిన గొట్టాల్లో తిప్పుతారు. ఐసోపెంటేన్ లాంటివి 28 డిగ్రీలకే మరుగుతాయి. వేడి నీళ్లు ఆ ద్రవాన్ని మరిగిస్తాయి, దాని ఆవిరి టర్బైన్ తిప్పుతుంది, తర్వాత కండెన్సర్‌లో చల్లబడి మళ్లీ ద్రవమై తిరిగొస్తుంది. దీన్ని బైనరీ పద్ధతి అంటారు. ఈ చల్లబరిచే దగ్గరే మనకు చిక్కు. మణుగూరు ఎండలు నీకు చెప్పక్కర్లేదు. కూలింగ్ టవర్ పెట్టినా చల్లటి వైపు 35 డిగ్రీల కంటే కిందికి దింపడం కష్టం. 65కూ 35కూ మధ్య నడిచే ఏ యంత్రమైనా, ప్రకృతి నియమం ప్రకారమే, నూటికి తొమ్మిది పాళ్లకు మించి వేడిని కరెంటుగా మార్చలేదు. నిజం యంత్రంలో దానిలో సగం కూడా దక్కదు, నాలుగు పాళ్లు అనుకో. సెకనుకు పది లీటర్ల నీళ్లు పది డిగ్రీలు చల్లబడితే విడుదలయ్యే వేడి 420 కిలోవాట్లు. అందులో నాలుగు పాళ్లంటే పదిహేడు కిలోవాట్లు. ద్రవాన్ని తిప్పే పంపు, కూలింగ్ ఫ్యాన్లు అందులోంచే తింటాయి. ఇది పగిడేరు ప్లాంటు కొలతలతో వేసిన లెక్క కాదు. ఆ స్థాయి నీళ్లతో ఎవరు పెట్టినా ఎక్కడ తేలుతుందో చూపడానికి వేశాను. ఇంజనీర్లు తప్పు చేయబట్టి తక్కువ రాలేదు, భౌతికశాస్త్రం అంతే ఇస్తుంది.

అలాస్కాలో చేనా అనే చోట ఉదాహరణ చూడు. 2006లో అక్కడ 74 డిగ్రీల నీళ్లతోనే 200 కిలోవాట్ల యంత్రాలు నడిపించారు. మన నీళ్ల కంటే పెద్ద వేడేమీ కాదు. కానీ వాళ్లకు చల్లబరచడానికి 4 డిగ్రీల నీళ్లు దొరుకుతాయి. తేడా 70 డిగ్రీలు. మనకు 30. అందుకే వాళ్ల యంత్రం నూటికి ఎనిమిది పాళ్లు పిండుకుంటుంది. పైగా వాళ్లు అంతకుముందు డీజిల్ జనరేటర్ మీద బతికారు, ఆ ఖర్చు ముందు ఏ యంత్రమైనా లాభమే. మనకు పక్కనే గ్రిడ్ ఉంది. సోలార్ వేలాల్లో యూనిట్ రెండున్నర రూపాయల దగ్గర తేలుతోంది. వ్యవసాయ మోటారుకైతే నువ్వు బిల్లే కట్టవు. అలాస్కా కథను ఇక్కడికి తెచ్చి చెప్పేవాళ్లు ఈ సంగతులు వదిలేస్తారు.

అలాగని ఆ 20 కిలోవాట్లు దండగ కాదు. జియోథర్మల్ రాత్రీ పగలూ నడుస్తుంది. నూటికి తొంభై పాళ్ల సమయం నడిచిందనుకుంటే ఏడాదికి లక్షన్నర యూనిట్లకు పైగా వస్తుంది. అన్ని యూనిట్లు సోలార్ నుంచి రావాలంటే మన ఎండకు దాదాపు వంద కిలోవాట్ల పలకలు పెట్టాలి. ప్రయోగం వల్ల తెలిసేవి ఇంకా ఉన్నాయి: గొట్టాల్లో సున్నం పట్టే వేగం, ఏండ్ల తరబడి వాడితే నీళ్ల ఒత్తిడి తగ్గుతుందా లేదా, వేడి నిలుస్తుందా లేదా. ఈ దేశంలో ఇలాంటి కొలతలు చాలా తక్కువ. నా దృష్టిలో ఆ ప్లాంటును కరెంటు ఫ్యాక్టరీగా కాకుండా ఒక మంచి థర్మామీటర్‌గా చూడాలి.

కెన్యా సంగతి కూడా నీకు ఎవరో చెప్పే ఉంటారు. “అక్కడా రిఫ్టు (నేల చీలి కుంగిన) లోయే, ఇక్కడా రిఫ్టు లోయే, వాళ్ల కరెంటులో దాదాపు సగం జియోథర్మల్ నుంచే వస్తోంది” అంటారు. వాళ్ల గురించి చెప్పింది నిజమే, ఓల్కారియా పెద్ద కేంద్రం. మన గురించి చెప్పిందే సగం నిజం. మనది కూడా రిఫ్టే, కానీ 25 కోట్ల ఏండ్లకు ముందే తెరుచుకున్నది. దాని వేడి ఎప్పుడో చల్లారింది. కెన్యా రిఫ్టు ఇప్పటికీ తెరుచుకుంటోంది, కరిగిన రాయి పైకి దగ్గరగా ఉంది. ఐస్‌ల్యాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, న్యూజిలాండ్ అన్నీ అలాంటి చోట్లే. 1904లో ఇటలీలోని లార్దెరెల్లోలో భూమి ఆవిరితో మొదటిసారి ఐదు బల్బులు వెలిగించినప్పటి నుంచీ ఈ పరిశ్రమ ప్రకృతి తలుపు తెరిచిపెట్టిన చోటికే పోయింది. అందుకే 120 ఏండ్ల తర్వాత కూడా ప్రపంచం మొత్తం జియోథర్మల్ సామర్థ్యం 16 వేల మెగావాట్ల దగ్గరే ఉంది. 2025 మార్చిలో ఒక్క తెలంగాణ కరెంటు గరిష్ఠ డిమాండే 17 వేల మెగావాట్లు దాటింది.

మన దేశంలో అలా తలుపు కాస్త తెరుచుకున్న చోటు లడఖ్‌లోని పుగా లోయ. హిమాలయాల కింద కదలిక ఇంకా ఉంది కాబట్టి అక్కడ లోపల 200 డిగ్రీలు దాటి ఉంటుందని అంచనా. 2021లో ఓఎన్‌జీసీ అక్కడ 1 మెగావాట్ ప్రయోగానికి ఒప్పందం చేసుకుంది. 14 వేల అడుగుల ఎత్తులో రిగ్గు నడపడం మాటలు కాదు గానీ, దేశంలో జియోథర్మల్ కరెంటు పెద్దగా మొదలైతే అక్కడే మొదలవ్వాలి. జియలాజికల్ సర్వే దేశం మొత్తం మీద మూడు వందలకు పైగా వేడి నీటి ఊటలను గుర్తించింది. అన్నీ కలిపి 10 వేల మెగావాట్లకు పైగా రావొచ్చని చాలా కాలంగా ఒక అంచనా చెబుతున్నారు. ఆ అంచనాను నేను పట్టించుకోను. లోతు బోర్లు వేయకుండా చెప్పిన ఏ అంకెనైనా బొగ్గు శాఖలో మేము నిల్వ అనేవాళ్లం కాదు.

ఇప్పుడు “భవిష్యత్తు” సంగతికొస్తాను, ఎందుకంటే నీ దగ్గరికొచ్చినాయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం ఉంది. ఆట మారుతోంది. ఇన్నాళ్లూ మూడు కావాల్సి వచ్చేవి: వేడి, నీళ్లు, నీళ్లు తిరగడానికి రాతిలో పగుళ్లు. మూడూ ఒకేచోట దొరకడం అరుదు. కానీ లోతుకు పోతే వేడి మాత్రం ఎక్కడైనా ఉంటుంది. నీళ్లు మనమే పంపి, పగుళ్లు మనమే పుట్టిస్తే? ఈ ఆలోచన కొత్తది కాదు. 1970ల్లోనే అమెరికాలో ఫెంటన్ హిల్ దగ్గర మొదలుపెట్టారు. చాలా ఏండ్లు సాధ్యమే గానీ గిట్టుబాటు కాదు అన్నట్టే నడిచింది.

మార్చింది షేల్ గ్యాస్ (గట్టి బురదరాయి పొరల్లోని గ్యాస్) తీసేవాళ్ల డ్రిల్లింగ్. బోరును కిందికి దించి, తర్వాత అడ్డంగా తిప్పి, ఆ అడ్డ బోరు వెంట రాయిని దశలు దశలుగా నీటి ఒత్తిడితో పగలగొట్టడం వాళ్లు బాగా నేర్చుకున్నారు. ఫెర్వో అనే కంపెనీ అదే పనిని వేడి గట్టి రాయిలో చేసింది. 2023లో నెవాడాలో 30 రోజుల పరీక్ష నడిపి 3.5 మెగావాట్ల స్థాయి చూపించింది. తర్వాత యూటాలో 500 మెగావాట్ల లక్ష్యంతో కేప్ స్టేషన్ అనే ప్రాజెక్టు పట్టుకుంది. నన్ను ఆకట్టుకున్నది మెగావాట్లు కాదు, డ్రిల్లింగ్ సమయం. యూటాలో బోరు వేసే సమయం నెవాడాతో పోలిస్తే 70 శాతం తగ్గిందని వాళ్లు ప్రకటించారు. గ్రానైటులో బిట్ (రాయిని కోసే మొన) దించినవాడికి ఆ మాట బరువు తెలుస్తుంది. గట్టి రాయిలో బిట్ అరిగిపోతుంది. అరిగిన ప్రతిసారీ రాడ్లన్నీ పైకి లాగాలి, బిట్ మార్చాలి, మళ్లీ దించాలి. లోతు పెరిగేకొద్దీ కోసే సమయం కంటే ఈ లాగుడు దించుడుకే ఎక్కువ సమయం పోతుంది. రిగ్గు అద్దె మాత్రం రోజు లెక్కన కట్టాలి. జియోథర్మల్ ప్రాజెక్టు ఖర్చులో పెద్ద భాగం బోర్లదే కాబట్టి ఆ ఒక్క అంకె దిగితే మొత్తం లెక్క మారుతుంది. 2024 చివర్లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఇచ్చిన నివేదిక కూడా ఇదే అంటోంది: 2035 నాటికి ఖర్చు 80 శాతం తగ్గితే, 2050 వరకు ప్రపంచంలో పెరిగే కరెంటు అవసరంలో 15 శాతం దాకా జియోథర్మల్ తీర్చగలదు. అందులో “తగ్గితే” అన్న దగ్గర వేలు పెట్టి చదువు.

దాన్ని మన నేల మీద పెట్టి చూద్దాం. ఇలాంటి కేంద్రానికి కనీసం 150 డిగ్రీలు కావాలి. గోదావరి పట్టీలో కిలోమీటరుకు 30 డిగ్రీలు అనుకుంటే నాలుగు కిలోమీటర్లు దిగాలి. వరంగల్, హన్మకొండ కింద ఉన్నది వేరే నేల. ఇక్కడి గుట్టలన్నీ 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు. చల్లారి గట్టిపడిన నేల. కిలోమీటరుకు 20 డిగ్రీలు పెరిగినా గొప్పే. అంటే ఆరు కిలోమీటర్లు, అదీ మొత్తం గట్టి రాయిలో. మీ ఏటూరునాగారం వైపు భూమి వరంగల్ కంటే నయం. యూటాలో వాళ్లకు దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతులోనే 190 డిగ్రీల దగ్గర దొరికింది. డ్రిల్లింగు ఎంత చవకైనా ముందు చవకయ్యేది వాళ్లకు, మన దగ్గరికి ఆఖరున వస్తుంది.

నాలుగు కిలోమీటర్లు అసాధ్యమైన లోతేమీ కాదు. ఇదే గోదావరి సముద్రంలో కలిసే చోట, కృష్ణా-గోదావరి బేసిన్‌లో, చమురు బావులు అంత లోతుకు పోతూనే ఉన్నాయి. అడుగున 150 డిగ్రీలు దాటడం వాళ్లకు వింత కాదు. 2025 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ జియోథర్మల్ విధానం పాడుబడిన చమురు బావులను వాడుకోవడం గురించి మాట్లాడింది. నాకు అది సరైన దారిగా కనిపిస్తోంది. కొత్తగా తవ్వే ఖర్చు ఉండదు, లోపల ఎంత వేడి ఉందో ముందే తెలుసు. కాబట్టి తెలుగు నేల మీద జియోథర్మల్ కరెంటు ఎక్కడ ముందు గిట్టుబాటవుతుందని ఎవరైనా పందెం కాయమంటే నేను మణుగూరు మీద కాయను, కోనసీమ, కృష్ణా జిల్లాల మీద కాస్తాను. మన ప్రాంతపు వాడిని కాబట్టి ఈ మాట రాయడం నాకేమీ సంతోషం కాదు.

ఒక ప్రమాదం గురించి చెప్పకపోతే జవాబు పూర్తి కాదు. రాయిని నీటి ఒత్తిడితో పగలగొట్టడం అంటే, ఒకవేళ పక్కన ఫాల్టు ఇప్పటికే బిగుసుకుని ఉంటే, దాన్ని జార్చడమే కావొచ్చు. 2006లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కింద ఇలా నీళ్లు పంపితే 3.4 తీవ్రత భూకంపం వచ్చి ప్రాజెక్టు మూతపడింది. 2017లో దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 5.4 తీవ్రతతో వచ్చింది, జనం గాయపడ్డారు, ఇళ్లు దెబ్బతిన్నాయి. జియోథర్మల్ బోరులోకి పంపిన నీళ్లే ఆ ఫాల్టును కదిలించాయని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. మన లోయ సంగతి? 1969 ఏప్రిల్‌లో భద్రాచలం భూకంపం గురించి మా పెద్దలు ఇప్పటికీ చెప్తారు. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు మీ ఇంట్లో గిన్నెలు కూడా కదిలే ఉంటాయి, హైదరాబాద్ దాకా తెలిసింది. అది చాలా లోతు నుంచి సహజంగా వచ్చింది, ఏ బోరుకూ సంబంధం లేదు. కానీ ఈ లోయ ఫాల్టులు పూర్తిగా నిద్రపోలేదని అది చెప్పింది. రేపు ఎవరైనా ఇక్కడ నాలుగు కిలోమీటర్ల కింద రాయి పగలగొడతామని వస్తే, ముందు రెండు మూడేండ్లు భూకంపాలు కొలిచే యంత్రాలు పెట్టి చిన్న చిన్న కదలికలు రికార్డు చేయాలని నేనైతే పట్టుబడతాను. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉండగా మనకు ఆ పని చేయగల మనుషులు లేరని ఎవరూ అనలేరు.

రాయిని పగలగొట్టకుండా, లోపల మూసిన గొట్టాల్లోనే నీళ్లు తిప్పి వేడి లాగే పద్ధతి జర్మనీలో కట్టారు. భూకంప భయం తక్కువ, ఖర్చు ఎక్కువ. దాని గురించి ఇప్పుడే చెప్పడానికి పెద్దగా లేదు.

ఇక నాకు ఇష్టమైన సంగతి. మణుగూరు లాంటి నీళ్లను చూసి అందరూ కరెంటు, కరెంటు అంటారు. వేడిని కరెంటుగా మార్చబోతే నూటికి 96 పాళ్లు పారబోస్తున్నాం అని పైనే లెక్క వేశాం. ఆ వేడిని వేడిగానే వాడితే? సెకనుకు పది లీటర్ల 65 డిగ్రీల నీళ్లను 50 డిగ్రీలకు చల్లబరిస్తే 600 కిలోవాట్లకు పైగా వేడి చేతికొస్తుంది. రేడియేటర్ లాంటి గొట్టాల మీదుగా గాలి పంపితే 55 డిగ్రీల పొడి గాలి వస్తుంది. మిర్చి ఎండబెట్టడానికి కావాల్సింది సరిగ్గా ఆ వేడే.

మీ వైపు మిర్చి వేసేవాళ్లకు కల్లంలో ఏమవుతుందో నేను చెప్పాలా? మార్చిలో మబ్బు పడితే టార్పాలిన్లు పట్టుకుని ఉరకడం, తడిసిన కాయ తాలుగా మారడం, ఎనుమాముల మార్కెట్లో ధర సగానికి పడిపోవడం. పచ్చి ఎర్ర కాయలో నూటికి 75 పాళ్ల దాకా నీరుంటుంది, ఎండు కాయలో పది. క్వింటాల్ ఎండు మిర్చి కోసం రెండున్నర క్వింటాళ్ల నీటిని ఆవిరి చేయాలి. డ్రయ్యర్‌లో సగానికి పైగా వేడి వృథా పోయినా, పైన చెప్పిన ఒక్క బోరు గంటకు క్వింటాల్‌కు మించి ఎండబెట్టగలదు. రోజుకు పాతిక ముప్పై క్వింటాళ్లు, మబ్బుతో పని లేదు, రాత్రి ఆగదు. ముందు ఆ నీళ్లతోనే ఆ 20 కిలోవాట్ల యంత్రం నడిపి, బయటికొచ్చిన 55 డిగ్రీల నీళ్లను డ్రయ్యర్‌కు పంపినా కొంచెం నెమ్మదిగా పని జరుగుతుంది. డ్రయ్యర్ ఫ్యాన్లకు కరెంటు ఆ యంత్రమే ఇస్తుంది. వానాకాలం వడ్ల తేమ 17 శాతానికి దిగక కొనుగోలు కేంద్రాల దగ్గర రోజుల తరబడి పడే కష్టానికి కూడా ఇదే మందు. ఇప్పుడు చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రంగు పోకుండా ఎండిన కాయకు మంచి ధర పలుకుతుంది.

దీనికి నాలుగు కిలోమీటర్ల బోరు అక్కర్లేదు. బొగ్గు కోసం వేసిన బోర్లలో వేడి నీళ్లు పడ్డ చోట్లు లోయలో మరికొన్ని ఉన్నాయి. వాటి రికార్డులు తీసి, వేడి, ప్రవాహం మళ్లీ కొలిచి, రోడ్డుకు, మిర్చి పంటకు దగ్గరగా ఉన్నవి రెండో మూడో ఎంచుకుంటే పెద్ద ఖర్చు కాదు. నన్నడిగితే సింగరేణి తర్వాతి ప్రయోగం 200 కిలోవాట్ల కరెంటు కాకుండా ఒక మిర్చి డ్రయ్యర్ అయి ఉండాలి. ఫొటోలకు టర్బైన్ అంత బాగుండదు, అదొక్కటే దాని లోపం.

నీళ్ల గురించి ఒక హెచ్చరిక. లోతు నుంచి వచ్చే వేడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కరిగే అవకాశం ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. మీవి మామూలు గోరువెచ్చని నీళ్లే అయినా 900 అడుగుల నుంచి వస్తున్నాయి కాబట్టి ఇంటి అవసరానికి వాడేముందు పరీక్ష చేయించు. పశువులకు పెడుతున్నా చేయించు.

సింగరేణి కుర్రాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ఒక మాట. రిగ్గు నడపడం, కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీ) చదవడం, బోరులో వేడి కొలవడం బొగ్గుకైనా జియోథర్మల్‌కైనా ఒకటే. కొత్తగా నేర్వాల్సింది అడ్డ బోరు, ఎక్కువ వేడిలో పనిచేసే మడ్ (బోరులో తిప్పే బురద ద్రవం), సిమెంటు పని. బొగ్గు తగ్గేకొద్దీ మన పని పోతుందని టెన్షన్ పడేవాళ్లు ఈ వైపు చూడొచ్చు, అయితే మొదటి ఉద్యోగం మణుగూరులో కాకుండా లడఖ్‌లోనో, కాకినాడలోనో ఉండొచ్చు.

చివరగా లీజు. మీ ఊరు ఏజెన్సీలో ఉంటే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి అమ్మకమే కాదు, లీజు కూడా చెల్లదు. ఆ కాగితానికి విలువ ఉండదు, కోర్టు చుట్టూ తిరగడం మాత్రం నీకు మిగులుతుంది. నిజంగా జియోథర్మల్ చేసే సంస్థ రైతు దగ్గరికి ముందు లీజు కాగితంతో రాదు. ముందు అనుమతులు తెచ్చుకుంటుంది, ఉష్ణోగ్రత కొలిచే బోర్లు వేస్తుంది, నీటి నమూనాలు తీస్తుంది. వచ్చినాయనను మూడు అడుగు: ఏ లోతులో ఎన్ని డిగ్రీలు కొలిచారు, సెకనుకు ఎన్ని లీటర్లు వస్తాయని లెక్కేశారు, చల్లబరచడానికి నీళ్లు ఎక్కడివి? మొదటి ప్రశ్నకే మాట మారిస్తే చాయ్ తాగించి పంపించు. జవాబు రాతపూర్వకంగా ఇస్తే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో చూపించి అడుగు. ఇక్కడ కూడా పెట్టు, లెక్క నేను చూస్తాను. దాంతోపాటు గంటసేపు మోటారు నడిపిన తర్వాత తీసిన థర్మామీటర్ రీడింగ్ కూడా రాయి.